ఆ గూడబాతులు సైబీరియావి కావు

సంపాదకుడు గారికి,

అక్టోబరు వానలకు నేలపట్టు చెరువులోకి నీళ్లు చేరగానే పత్రికల్లో ఒక శీర్షిక తయారుగా ఉంటుంది: ‘సైబీరియా అతిథులు వచ్చేశాయ్’. మీ జిల్లా పేజీలోనూ ఇది దాదాపు ఏటా వస్తోంది. ఫొటోలో ఉన్నది గూడబాతు, అంటే పెలికాన్. కింద రాసేది మాత్రం అది వేల కిలోమీటర్లు ఎగిరొచ్చి, మన దగ్గర పురుడు పోసుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని సైబీరియా వెళ్లిపోతుందని. పురుడు సంగతి తప్ప ఇందులో నిజం లేదు.

నెల్లూరు–చెన్నై రహదారి మీద దొరవారిసత్రం దగ్గరుండే నేలపట్టులో గూళ్లు పెట్టేది ముక్కు మీద వరసగా నల్లచుక్కలుండే గూడబాతు. దక్షిణ, ఆగ్నేయాసియా దేశాలు దాటి అది ఎక్కడా బతకదు. సైబీరియా చలి దానికి తెలియదు. అసలు పేరులోనే సంగతి ఉంది. పొలానికి నీళ్లు ఎత్తిపోసే గూడను చూసినవాళ్లకి, మూతికింద సంచితో చెరువు నీళ్లు తోడి, నీళ్లు వదిలేసి చేపల్ని మింగే ఈ పక్షికి ఆ పేరెందుకు వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. చింతవక్కు, ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ, తెల్లకంకణం, తెడ్డుమూతి కొంగ కూడా అంతే. పల్లెజనం చూసి చూసి పెట్టిన పేర్లివి. ఏడాదికి నాలుగు నెలలు ఉండి పోయే చుట్టానికి ఊళ్లో ఇంత చక్కటి ముద్దుపేర్లు పడవు.

ఎర్రకాళ్ల కొంగకైతే ఇంకా అన్యాయం జరుగుతోంది. చిలమత్తూరు మండలం వీరాపురంలో ఊరి మధ్య చింతచెట్ల మీద గూళ్లు పెట్టే ఈ కొంగల్ని, ఖమ్మం దగ్గర చింతపల్లి చింతచెట్ల మీద వాలేవాటిని కూడా ‘సైబీరియా కొంగలు’ అనే రాస్తున్నారు. సైబీరియా కొంగ అనే పక్షి నిజంగానే ఉంది. ఒళ్లంతా తెలుపు, మొహం ఎరుపు. అది చెట్టెక్కదు, చిత్తడి నేలలో గూడు పెడుతుంది. శీతాకాలానికి రాజస్థాన్‌లోని భరత్‌పూర్ దాకా వచ్చేది. 2002 తర్వాత అక్కడా కనిపించలేదు. తెలుగులో మనం పొడుగు కాళ్లున్న ప్రతిదాన్నీ కొంగ అనేస్తాం కాబట్టి ఆ పేరు వచ్చి ఎర్రకాళ్ల కొంగకు అతుక్కుంది. దీనికి పసుపుపచ్చటి పొడుగు ముక్కు, తోక దగ్గర గులాబీ ఈకలు, రొమ్ముకు అడ్డంగా నల్లపట్టీ ఉంటాయి. గూటి దగ్గర చూస్తే దాని ఎర్రకాళ్లు సున్నం పూసినట్టు కనిపించవచ్చు. అది తన కాళ్ల మీద తానే రెట్ట వేసుకుంటుంది, ఆ తడి ఆరుతుంటే ఒంటికి చల్లన.

విలేకరులు గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం ఒక్కటే చాలు: మన చెరువులో గూడు పెట్టిందంటే అది సైబీరియా పక్షి కాదు. అక్కడి పక్షులు అక్కడి ఎండాకాలంలోనే గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచి, మంచు పడే వేళకు ఇటు వస్తాయి. కాన్పు అక్కడ, కడుపు నింపుకోవడం ఇక్కడ.

మరి నిజంగా సైబీరియా నుంచి వచ్చేవి లేవా అంటే ఉన్నాయి. పులికాట్ బురదలో దండిగా ఉన్నాయి. పిచ్చుకంత ఉండి, పాతిక ముప్పై గ్రాములు కూడా తూగని ఉల్లంకి పిట్టలు ఉత్తరధ్రువం అంచుల్లో గుడ్లు పెట్టి ఇక్కడికి వస్తాయి. రంగు బురద రంగే. సూళ్లూరుపేట–శ్రీహరికోట రోడ్డు పక్కన కుట్టుమిషను సూదిలా బురదలో ముక్కు పొడుస్తూ పోతుంటే ఎవరూ కారు ఆపరు, ఏ పత్రికా ఫొటో వేయదు. సూదితోక బాతు, చెంచామూతి బాతు కూడా ఆ దారివే. తల మీద రెండు నల్లచారలుండే పెద్దబాతు టిబెట్, లద్దాఖ్, మంగోలియా సరస్సుల నుంచి హిమాలయాలు దాటి వస్తుంది. ‘వేల మైళ్ల ప్రయాణం’ అని రాయాలనుకుంటే వీటి గురించి రాయండి, కాదనేవాళ్లుండరు.

ఇదంతా పేరు పట్టింపు అనుకోవద్దు. పక్షి ఎక్కడిదో తప్పు చెబితే, అది రాకపోతే కారణం కూడా తప్పే చెబుతాం. చెరువు ఖాళీగా ఉన్న ఏడాది ‘వాతావరణ మార్పుల వల్ల విదేశీ పక్షులు ముఖం చాటేశాయి’ అని వార్త వస్తుంది. సైబీరియాలో ఏదో జరిగిందనుకుని ఊరుకుంటాం. నిజానికి చూడాల్సింది మూడు: చెరువులో నీళ్లు, నీళ్లలో చెట్లు, చుట్టుపక్కల చెరువుల్లో చేపలు. నేలపట్టులో గూళ్లు పడేది నీటి కడప చెట్ల మీద. కాండం చుట్టూ నీళ్లున్నంత కాలం కోతి, నక్క, పిల్లి దగ్గరికి రావు. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు, నవంబరుల్లో సరిగా పడకపోతే జతకట్టిన పక్షులు చెట్ల మీద వాలతాయి, పుల్లలు కూడా ఏరతాయి, గుడ్లు పెట్టకుండా వెళ్లిపోతాయి. వాన బాగా పడినా, జనవరిలో కింది పొలాలకు తూము ఎక్కువ వదిలితే పిల్లలు ఎగరకముందే చెట్ల కింద నేల తేలుతుంది. పక్షులకు ఇది మొదటిదానికన్నా పెద్ద దెబ్బ. ఇక్కడ రైతు మీద నేరం మోపడం తేలిక, కానీ రెట్ట కలిసిన ఆ నీటి విలువ ఆ ఆయకట్టు రైతుకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. గొడవల్లా ఎంత వదలాలన్న దాని మీద కాదు, ఎప్పుడు వదలాలన్న దాని మీద.

కొల్లేరు కథ చూడండి. 1946లో పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ అక్కడ గూడబాతుల పెద్ద గూళ్ల తావును గుర్తించినప్పుడు దాదాపు 3,000 పక్షులున్నాయి. 1975 ప్రాంతానికి ఆ తావు ఖాళీ అయింది. సైబీరియాకు దీనితో సంబంధం ఏముంది? ఇప్పుడు కొల్లేరులోనే ఆటపాక దగ్గర చెట్లు చాలక ఇనుప స్టాండ్లు నిలబెడితే వాటి మీదే గూళ్లు పెడుతున్నాయి. 2021–22 శీతాకాలంలో శ్రీకాకుళం వైపు తేలినీలాపురం, నౌపడ పరిసరాల్లో గూడబాతులు గుంపుగా చనిపోతే, కడుపులో చేపల ద్వారా చేరిన నులిపురుగులు కనిపించాయి. తిన్నది ఇక్కడి చేప, జబ్బూ ఇక్కడిదే.

పైగా ఇవి ఒకే చెరువును నమ్ముకున్న పక్షులు కావు. నేలపట్టులో తగ్గితే తమిళనాడు వేడంతాంగల్‌లోనో, కర్ణాటక కొక్కరె బెళ్లూరులోనో, గుంటూరు పక్కన ఉప్పలపాడులోనో పెరిగి ఉండవచ్చు. ఒక్క చెరువు చూసి ‘అంతరించిపోతున్నాయి’ అనీ, ‘రికార్డు స్థాయిలో వచ్చాయి’ అనీ రాయడం రెండూ తొందరపాటే.

ఇక చూడటానికి వెళ్లే పాఠకుల కోసం కొంత రాస్తే ఉపయోగం. వార్తల్లో ‘సందర్శకుల తాకిడి’ తప్ప, వెళ్లి ఏం చూడాలో ఎవరూ చెప్పడం లేదు.

అక్టోబరు చివర, నవంబరులో వెళ్తే జతకట్టడం, పుల్లలు మోయడం కనిపిస్తాయి. మగది పుల్ల తెస్తుంది, ఆడది గూట్లో సర్దుతుంది. పక్క గూటి పుల్ల దొంగిలించడం చెట్టెక్కి పుల్ల విరవడం కన్నా తేలిక కాబట్టి ఆ పనీ జరుగుతుంది. డిసెంబరులో చూసేవాళ్లకి చెట్టు మీద ఏమీ జరగనట్టే ఉంటుంది. గూడబాతు ఒదిగి కూర్చుని వీపు మాత్రమే కనిపిస్తే గుడ్ల మీద ఉన్నట్టు. మూడు, ఒక్కోసారి నాలుగు గుడ్లు, నెలరోజుల పొదుగుడు. అదే పక్షి లేచి నిలబడి ముక్కు గూట్లోకి వంచిందంటే పిల్లలు బయటపడ్డాయి. అప్పుడే పుట్టిన పిల్లకు ఒంటి మీద ఈక ముక్క ఉండదు. తర్వాత తెల్లటి నూగు, ఆ పైన గోధుమరంగు ఈకలు. పెద్దదైన పిల్ల మేత తినేటప్పుడు తల, మెడ తల్లి గొంతులోకి దూర్చేస్తుంది. మొదటిసారి చూసేవాళ్లు తల్లి పిల్లను మింగేస్తోందనుకుంటారు. నిజానికి పిల్ల లోపలికి వెళ్లి అరిగిన చేపల్ని అందుకుంటోంది. ఎగరడానికి మూడు నుంచి అయిదు నెలలు పడుతుంది. అందుకే ఫిబ్రవరి, మార్చిలో చెరువులో గోధుమరంగు గూడబాతులు ఈదుతుంటాయి. ముక్కు మీద చుక్కలు లేవని వాటిని వేరే జాతి అనుకోవడం మామూలు పొరపాటు. చుక్కలు రావడానికి ఏడాదైనా పడుతుంది. నత్తగుల్ల కొంగ పిల్లకూ అంతే, పెద్దవాటికి ముక్కు మధ్యలో ఉండే సందు పిల్లల్లో ఉండదు.

మధ్యాహ్నం ఎర్రకాళ్ల కొంగ గూటి అంచున నిలబడి, ఎండకు వీపు పెట్టి రెక్కలు సగం విప్పి ఉంటుంది. ‘ఎండ కాచుకుంటున్న కొంగ’ అని ఫొటో కింద రాస్తారు. రెక్కల నీడ ఎక్కడ పడిందో చూడండి, సరిగ్గా పిల్లల మీద పడుతుంది. అది గొడుగు పట్టింది. గొంతులో నీళ్లు తెచ్చి పిల్లల మీద చిలకరించడం కూడా ఓపిగ్గా చూస్తే దొరుకుతుంది.

ఈ గొడుగు సంగతి తెలిస్తే గట్టు మీద కేకలు ఎందుకు వేయకూడదో అర్థమవుతుంది. పక్షి బెదిరి లేచిందంటే ఈకలు రాని పిల్ల నిమిషాల్లో ఎండకు వడలిపోతుంది, ఈలోగా కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది. ఒక్కటి లేస్తే పక్క చెట్టు కూడా లేస్తుంది. లేవడానికి ముందే పక్షి చెబుతుంది: మేత ఆపి, మెడ నిక్కించి, మనవైపే చూస్తుంది. అక్కడే ఆగి రెండడుగులు వెనక్కి వేయాలి. డ్రోనుతో తీసిన గూళ్ల ఫొటోలు మాత్రం దయచేసి అచ్చు వేయకండి. ఫొటో బాగుందంటే అది తీసేటప్పుడు పైకి లేచిన పక్షులు ఆ ఫొటోలో లేవని అర్థం.

బైనాక్యులర్స్ కొనేవాళ్లు 8×42 తీసుకుంటే చాలు. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు కాబట్టి తెల్లవారుజామున కూడా వెలుతురు సరిపోతుంది. పన్నెండు, ఇరవై రెట్లని ఊరించేవాటిని చేత్తో పట్టుకుంటే చెయ్యి వణుకు కూడా అన్ని రెట్లూ పెరుగుతుంది. చాలామంది అసలు సరిచేసుకోకుండానే ‘మసగ్గా ఉంది’ అని పక్కన పెట్టేస్తారు. కుడికన్ను మూసి, మధ్య చక్రం తిప్పి ఎడమకంటికి ఒక కొమ్మ స్పష్టంగా కనిపించేలా పెట్టుకోవాలి. తర్వాత ఎడమకన్ను మూసి, చక్రం ముట్టుకోకుండా, కుడి అద్దం దగ్గరి రింగు తిప్పి అదే కొమ్మను స్పష్టం చేసుకోవాలి. ఆ రింగును ఇక కదపక్కర్లేదు. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు రబ్బరు కప్పుల్ని లోపలికి తిప్పుకోవాలి, లేకపోతే చుట్టూ నల్లగా కనిపిస్తుంది. సూర్యుడు వీపు వెనక ఉండేలా నిలబడండి. పది దాటాక నీటి మీద ఎండ సెగ ఆడుతుంది, అప్పుడు స్టాండు మీద పెట్టే పెద్ద టెలిస్కోపు కూడా కొంగను అలల్లోనే చూపిస్తుంది.

లెక్క గురించి వివరంగా చెప్పాలి, వార్తల్లో ఎక్కువగా చెడేది అక్కడే. ‘ఈ ఏడాది పది వేల పక్షులు’ అంటే ఏ జాతివి, ఏ రోజు, పక్షులా గూళ్లా? గూళ్లు లెక్కించడానికి పొద్దున ఏడు నుంచి తొమ్మిది మంచి వేళ. చెట్లను గుంపులుగా విడగొట్టుకుని, ప్రతిసారీ అదే చోట నిలబడి, పక్షి కూర్చున్న గూటినే లెక్కలో వేసుకోవాలి. ఇద్దరు విడివిడిగా లెక్కించి చివర్లో పోల్చాలి. పదో వంతుకు మించి తేడా ఉంటే మళ్లీ మొదలుపెట్టాలి. మాట్లాడుకుంటూ లెక్కిస్తే ఇద్దరివీ ఒకేలా వస్తాయి, ఇద్దరివీ తప్పవుతాయి. ముందు చెట్టు వెనక చెట్టును కప్పేస్తుంది కాబట్టి వచ్చిన అంకె పక్కన ‘కనీసం’ అని రాయాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నెలకోసారి లెక్కిస్తే చాలు, కానీ ఆ నాలుగింటినీ కూడకూడదు. అన్ని జతలూ ఒకేసారి గుడ్లు పెట్టవు. డిసెంబరులో చూసిన గూడే జనవరిలోనూ ఉంటుంది, పక్కన కొత్తది మొదలై ఉంటుంది. కూడితే ఒకే సంసారాన్ని మూడుసార్లు లెక్కేసినట్టు.

నీటి మీద బాతుల గుంపును ఒక్కొక్కటిగా లెక్కించలేం. ముందు పది లెక్కపెట్టి అవి ఎంత చోటు పట్టాయో కంటితో కొలవాలి. అలాంటి పది చోట్లు కలిపితే వంద. ఆ వందను గుంపంతా పరుచుకుంటూ పోవాలి. గుంపు మధ్యలో ఒత్తుగా, అంచుల్లో పలచగా ఉంటుంది కాబట్టి మొదటి పదిని అంచున తీసుకుంటే లెక్క తగ్గిపోతుంది. కొత్తవాళ్లు పెద్ద గుంపుల్ని ఎప్పుడూ తక్కువే అంచనా వేస్తారు. మధ్యలో గద్ద వచ్చి అంతా లేచిందంటే ఆ కాగితం చింపేయడమే. నీటికాకులు, చిన్న తెల్లకొంగలకు సాయంత్రం గూటికి చేరే వేళ లెక్క నయం. అయిదింటి నుంచి చీకటి పడేదాకా ఒకరు వచ్చేవి, ఇంకొకరు పోయేవి రాసుకోవాలి. అందరూ గూటికి చేరే వేళకే చింతవక్కు ‘వక్కు’మంటూ బయల్దేరుతుంది మరి.

ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. మీ ఊరి చెరువుకైనా ఎవరైనా చేయవచ్చు. అందులో అన్నిటికన్నా విలువైన అంకె సున్నా. పక్షులు లేవని చెరువును వదిలేస్తే, వచ్చే ఏడాది అవి వచ్చినప్పుడు పోల్చడానికి ఏమీ ఉండదు. కాలికి రింగో, మెడకు పట్టీయో ఉన్న పక్షి కనిపిస్తే రంగు, అక్షరాలు ఏ వరసలో ఉన్నాయి, ఏ కాలు, మోకాలికి పైనా కిందా అన్నీ రాసుకుని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపాలి. మంగోలియాలో మెడపట్టీ వేసిన పెద్దబాతులు దక్షిణాది చెరువుల్లో దొరికాయని మనకు తెలిసింది ఇలా రాసిపెట్టినవాళ్ల వల్లే.

పులికాట్‌లో రాజహంసల (ఫ్లెమింగోల) కోసం వెళ్లేవాళ్లకి ఒక మాట. వాటికి కాలు ఆనే లోతు కావాలి. తలకిందులుగా ముక్కు ముంచి బురదనీళ్లు వడగట్టుకుంటాయి. తుపాను పడ్డ ఏడాది జనవరిలో రోడ్డు పక్క లోతు ఎక్కువై దూరంగా గులాబీ గీతలా కనిపిస్తాయి. నీళ్లు తగ్గాక ఫిబ్రవరి, మార్చిలో దగ్గరికి వస్తాయి, ఉల్లంకులకూ అప్పుడే మేటలు తేలతాయి. కానీ జనం వెళ్లేది మాత్రం పక్షుల పండుగ మూడు రోజుల్లోనే, పండుగ పెట్టేదేమో పక్షి తేదీ చూసి కాదు. సరస్సును సముద్రంతో కలిపే రాయదొరువు ముఖద్వారం ఇసుకతో పూడితే సముద్రం నీరు రాదు, ఉప్పు శాతం మారుతుంది, రొయ్యా చేపా మారుతుంది. జాలరి, పక్షి ఇద్దరూ ఒకే ఫిర్యాదు చేస్తారు. పూడికతీత వార్తను పక్షుల వార్తతో కలిపి ఒకే పేజీలో వేస్తే బాగుంటుంది.

ఏప్రిల్‌లో నేలపట్టు ఖాళీ అయిందని గేటు నుంచే తిరిగి వెళ్లిపోతారు. చెరువు వెనక చిట్టడవి అప్పుడూ ఉంటుంది. వలస దారిలో ఆగే పొన్నంకి పిట్ట ఆకుల్లో గెంతుతూ దొరకవచ్చు. రాత్రిపూట దేవాంగపిల్లి తిరుగుతుంది, దాని కళ్లలోకి టార్చి మాత్రం కొట్టకండి.

సంపాదకుడు గారూ, ఈ అక్టోబరులో మీ విలేకరి నేలపట్టు వెళ్లినప్పుడు శీర్షికలో ‘గూడబాతులు’ అని రాయమనండి. గూళ్ల అంకె ఎవరు, ఏ రోజు, ఎలా లెక్కించారో అడగమనండి. వచ్చే ముందు తూము దగ్గర నీటిమట్టం ఎంత ఉందో ఒకసారి చూసి అదీ రాసుకురమ్మనండి.

ఇట్లు,
పులికాట్, నేలపట్టు పక్షులను గమనించే కొందరు పాఠకులు,
సూళ్లూరుపేట